పేజీ తిప్పావా నాన్నా

తలుపు మూసుకుంది. మూసుకునే ముందు అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను, చూడలేదు. చూడకపోతేనేం, నా మొహంలో మాత్రం ఏముంది ధైర్యం చెప్పడానికి, ఉబ్బిన కళ్ళు, తొందరలో సగం గీసుకున్న గడ్డం. పిల్లల చదువు పరీక్ష చెయ్యడానికి స్కూలు వాళ్ళు పిలిపించిన ఆవిడ దాని భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించుకుపోలేదు, పక్కకి జరిగి దారిచ్చింది, పెద్దవాళ్ళకి ఇచ్చినట్టు. అదొక్కటి నచ్చింది నాకు. మిగతాదేదీ నచ్చలేదు. ఈ బెంచీ నచ్చలేదు, ఒకటో క్లాసు పిల్లల కోసం చేయించిన బెంచీ, కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వస్తున్నాయి. అప్పుడే తడిగుడ్డ పెట్టిన వరండా వాసన నచ్చలేదు. "ఒక గంట కూర్చోండి, ఆవిడ చూసి చెప్పాక నిర్ణయం తీసుకుందాం" అన్న పెద్ద మేడమ్ అసలు నచ్చలేదు. నిర్ణయం అంటే, వచ్చే సోమవారం నుంచి మా అమ్మాయి ఇప్పుడున్న ఐదో క్లాసులోనే ఉండాలా, మూడోదానికి దిగాలా అని. ఆవిడ గొంతులో అప్పటికే దించేసింది. నాకు గొంతులు తెలుసు, నేను బతికేదే గొంతు మీద.

బస్ స్టేషన్‌లో అనౌన్సర్ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో పొద్దస్తమానం చెప్పే ఆ గొంతు నాదే. ఊళ్ళో సగం మందికి నా గొంతు తెలుసు, మొహం మాత్రం మా వీధిలో కూరగాయలమ్మే అతనికి కూడా సరిగ్గా గుర్తుండదు. ఇందాక గేటు దగ్గర వాచ్‌మన్ని ఆఫీసు ఎటని అడిగితే "మిమ్మల్ని ఎక్కడో విన్నాను సార్" అన్నాడు. చూశాను అనలేదు, విన్నాను అన్నాడు. ఇంకో రోజైతే నవ్వుకునేవాడిని. మా ఉద్యోగంలో ఒక పద్ధతుంది, ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారికి జనం తలెత్తుతారు, రెండోసారికి వింటారు. చివర "గమనించగలరు" అని తగిలించాలి. ఈ జబ్బు ఇంటికి కూడా పాకింది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ "టీ పెట్టమని ఒక్కసారి చెప్తే చాలు, నేనేం బస్సు కోసం నిలబడలేదు" అనేది. ఆవిడ ఆసుపత్రిలో రక్తం తీస్తుంది. సూదీ మాటా రెండూ సూటిగా దిగుతాయి. ఇవాళ సెలవు దొరకలేదు. పొద్దున చెప్పులేసుకుంటూ "అక్కడ అరవకు, నీ గొంతు నువ్వనుకునే దానికంటే పెద్దది" అని వెళ్ళిపోయింది. ఇంతవరకూ అరవలేదు. ఇంకా గంటుంది.

లోపలి నుంచి ఏమీ వినిపించడం లేదు. పక్క క్లాసులో ఎక్కాలు చెబుతున్నారు, అందరూ కలిసి, ఊగుతూ చెబుతున్నట్టుంది. మా లాయరమ్మకి ఎక్కాలు ఎవరూ నేర్పలేదు. లాయరమ్మ అని నేనే పేరు పెట్టాను, పుట్టినప్పటి నుంచీ అన్నీ అడ్డుప్రశ్నలే కాబట్టి. బడి లేని రోజుల్లో వాళ్ళమ్మకి పగటి డ్యూటీ పడితే దాన్ని నాతో కేబిన్‌కి తీసుకుపోయేవాడిని. బల్ల కింద గోనె పరుచుకుని పడుకునేది. మైకు ఆన్ చేశానంటే ఊపిరి కూడా బిగబట్టి, ఆపగానే మొదలెట్టేది. అప్పటికి దానికి ఆరేళ్ళు ఉంటాయేమో. ఒక రోజు రింగ్ రోడ్డు బస్సు ఆలస్యంగా వచ్చింది, వెనకాలే ఇంకో రింగ్ రోడ్డు బస్సు ఖాళీగా వచ్చింది. జనం తిట్టారు, డ్రైవర్లు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు, ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. బల్ల కింద నుంచి ఇది అంటుంది, "వాళ్ళ తప్పు కాదు నాన్నా. ముందు బస్సు కొంచెం లేటయితే స్టాపులో జనం పెరుగుతారు. వాళ్ళు ఎక్కేసరికి ఇంకా లేటవుతుంది. వెనక బస్సుకి ఎక్కేవాళ్ళే మిగలరు, అది ఆగకుండా వచ్చి దీన్ని పట్టుకుంటుంది." నేను మైకు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ నుంచి లేటు బస్సుల్ని ప్రకటిస్తూ బతుకుతున్నవాడిని, లేటయిన బస్సు ఇంకా లేటెందుకవుతుందో ఒక్కసారీ అనుకోలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబుతూ ఎగిరాను. ఆవిడ మాత్రం దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరి, "మరి దీని పేరు ఇది రాయలేకపోతోందేం?" అంది. ఆరేళ్ళకి ఎవరు రాస్తార్లే అన్నాను.

ఏడొచ్చాయి, ఎనిమిదొచ్చాయి. రాయమంటే ఏడుపు. పెన్సిల్ ముక్కు విరగ్గొట్టేది, కడుపునొప్పి అనేది, చూస్తే నిజంగానే వొళ్ళు వెచ్చబడేది. నోటితో అడిగితే మాత్రం మాస్టార్ల కంటే ముందు చెప్పేది. తెలివుంది కానీ బద్ధకం, అన్నారు మూడో క్లాసులో. తెలివుంది కానీ శ్రద్ధ లేదు, అన్నారు నాలుగులో. ఇప్పుడు ఐదో క్లాసు టీచరైతే ఒక్క మాటలో తేల్చేసింది, పొగరు. ప్రతిసారీ ఆ 'తెలివుంది' అన్న ముక్క పట్టుకుని నేను పొంగిపోయేవాడిని, తర్వాతి ముక్క మా ఆవిడ పట్టుకునేది. చదవడం మాత్రం దానికి బాగా వచ్చని ఇద్దరం అనుకున్నాం. పుస్తకం చేతికిచ్చి చదవమంటే చదివేది కదా, నదిలా సాగిపోయేది. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే పాఠం చదివి వినిపించమనేది నన్ను. నా గొంతంటే ఇష్టం అనుకుని మురిసిపోయాను. గచ్చు మీద పడుకుని కాళ్ళు గోడకి ఆన్చి, కళ్ళు మూసుకుని వినేది. మధ్యమధ్యలో ఒకటే అడిగేది, "పేజీ తిప్పావా నాన్నా?" తిప్పానంటే "ఊ" అనేది. తిప్పకపోతే "తిప్పినప్పుడు చెప్పు" అనేది. పిల్లల చాదస్తం అనుకున్నాను. పేజీ ఏ మాట దగ్గర తిప్పాలో కూడా అది గుర్తుపెట్టుకుంటోందని నాకెలా తెలుస్తుంది, ఎవరికి తడుతుంది అలాంటి ఆలోచన?

చిన్న పిల్లలు వరసగా వస్తున్నారు, ముందువాడి చొక్కా పట్టుకుని వెనకవాడు, కుళాయి దగ్గరికి. నన్ను చూసి ఒక పిల్ల "ఈ తాతెవరు?" అంది. తాతనట. వీళ్ళు మూడో క్లాసేమో. ఒకడి ముక్కు కారుతోంది, ఒకత్తె బూటు చేత్తో పట్టుకుని కుంటుతోంది. మంచి పిల్లలే పాపం, వీళ్ళనేమంటాను. కానీ వీళ్ళ మధ్య దాన్ని, తలంత ఎత్తు ఎక్కువున్న దాన్ని, చివరి బెంచీలో కూర్చోబెడితే అది ఏం చేస్తుందో నాకు తెలుసు. ఏమీ చెయ్యదు. గొడవ చెయ్యదు, ఏడవదు. నోరు మూసుకుంటుంది, అంతే. ఇప్పటికే మూసుకుంది. మొన్న జరిగింది జరిగినప్పటి నుంచి మా ఇంట్లో ఒక్క ప్రశ్న లేదు. అన్నం పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది, బస్సెక్కితే కిటికీలోంచి చూస్తుంది, ఎందుకు అనదు. వినయంగా ఉంటోందని పక్కింటావిడ మెచ్చుకుంది కూడా. వినయమట. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పిల్లకి కావలసింది వినయం కాదమ్మా, దాని నోరు దానికి కావాలి, అందామనుకుని ఊరుకున్నాను.

మొన్న జరిగింది ఇది. వానల పాఠం. ముందు రోజు సాయంత్రం నేనే చదివాను, మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది, నేను కొంచెం హుషారుగా ఉన్నాను. హుషారులో ఉంటే డ్యూటీ గొంతు వచ్చేస్తుంది నాకు. "సముద్రపు నీరు ఆవిరై పైకి లేచి మేఘాలుగా మారుతుంది" అని చదివి, ఊరికే ఉండకుండా ఆ వాక్యాన్నే మళ్ళీ ఒకసారి దీర్ఘాలు తీసి చదివి, చివర "గమనించగలరు" అన్నాను. మా ఆవిడ నవ్వింది. అమ్మాయి నవ్వలేదు, కళ్ళు మూసుకుని వింటోంది. మర్నాడు క్లాసులో దాన్ని లేపి చదవమన్నారు. చదివింది. సముద్రపు నీరు ఆవిరైంది, మళ్ళీ ఒకసారి ఆవిరైంది, దీర్ఘాలతో సహా, చివర "గమనించగలరు" అని కూడా చదివి పేజీ తిప్పింది. క్లాసంతా గొల్లున నవ్వింది. టీచరు తనని వెక్కిరిస్తోందనుకుంది. పుస్తకంలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపిస్తే కదా. ఏది పుస్తకంలోదో ఏది నాన్న కోతివేషమో దానికి తెలిస్తే కదా. పేజీ మీద అటూ ఇటూ వేలు జరుపుతూ నిలబడిందట, పిల్లలు నవ్వుతూనే ఉన్నారట, గంట కొట్టే దాకా.

ఆ రోజు సాయంత్రం వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది. "అందరికీ అక్షరాలు కదలకుండా నిలబడతాయా అమ్మా? నిజంగా? నేను అందరూ నాలాగే అనుకున్నాను. ఇంట్లో విని, గుర్తుపెట్టుకుని, వచ్చి అప్పజెప్తారనుకున్నాను. కానీ కొత్త పుస్తకం ఇచ్చినా వాళ్ళు చెప్పేస్తారు. వినకుండా ఎలా వస్తోంది వాళ్ళకి అని భయమేసేది. నాకంటే అంత తెలివైనవాళ్ళా అందరూ అని." మా ఆవిడ దాని జుట్టులో వేళ్ళు పెట్టి నిమిరింది. తర్వాత అది లేచి కూర్చుని నన్ను అడిగింది, "నేను మొద్దునా నాన్నా?" ఛ, కాదు అన్నాను. కాదు అని రెండుసార్లు అన్నాను. నా మాట నమ్మలేదు, నమ్మకపోవడంలో దాని తప్పేం లేదు, నేను తండ్రిని, ఎలాగూ కాదనే అంటాను. అదే దాని ఆఖరి ప్రశ్న. అప్పటినుంచి ఇంకేం అడగలేదు.

గాలికి వరండా చివర చార్టు ఒకటి ఊడి వేలాడుతోంది, దాని మీద మనిషి గుండె బొమ్మ. ఎక్కాలు ఆగిపోయాయి. నా జేబులో ఫోను కదిలింది, మా ఆవిడ. ఇంకా లేదు అని రాశాను. ఒక్కసారే రాశాను. ఇంతసేపు లోపల ఏం అడుగుతున్నారో దాన్ని. చదవమంటారు, అది కంఠతా రాని పేజీ చూసి బిగుసుకుపోతుంది, ఆవిడ రాసుకుంటుంది, అయిపోతుంది. పెద్ద మేడమ్ మంచిదే కావచ్చు. "పునాది సరిగ్గా లేనప్పుడు కింది నుంచి కట్టుకురావాలి కదండీ" అంది. ఇల్లయితే అంతే. పై రెండు అంతస్తులూ అప్పటికే లేచి, దీపాలు కూడా వెలుగుతున్న ఇల్లుంటే ఏం చేస్తారు మేడమ్, కూల్చేసి పునాది తవ్వుతారా? ఈ మాట అప్పుడు తట్టలేదు. అప్పుడు నీళ్ళు నమిలాను. ఊరందరికీ గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషిని, నా పిల్ల గురించి నాలుగు ముక్కలు చెప్పాల్సొచ్చేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. నేను భయపడుతున్నాను, ఒప్పుకోవడానికి సిగ్గేముంది. దానికి చదవడం రాదని కాదు నా భయం. వస్తుంది, నెమ్మదిగా వస్తుంది, రాకపోయినా నా గొంతుంది. ఆ బల్ల కింది పిల్ల ఇక బయటికి రాదేమో అని. నలభై ఏళ్ళొచ్చాక కూడా అడిగితే తలూపి, అడక్కపోతే ఊరుకుని, వినయంగా బతికేస్తుందేమో అని.

నవ్వు వినిపించింది. లోపలి నుంచే. దానిదే, మా అమ్మాయిదే, ముక్కుతో నవ్వే నవ్వు. తర్వాత ఆవిడ నవ్వు. లేచి నిలబడ్డాను, మోకాళ్ళు పటుక్కుమన్నాయి. తలుపుకి చెవి ఆనించడం మర్యాద కాదు కాబట్టి రెండడుగుల దూరంలో ఆగాను. మాటలు తెలియడం లేదు కానీ ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తోంది. ఆవిడ ఒక మాట, ఇది పది మాటలు. అది మాట్లాడుతోంది. ఎన్నాళ్ళయిందో అంత మాట్లాడి.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి మొహం ఎర్రగా ఉంది, ఏడ్చిందో నవ్విందో తెలియలేదు, రెండూ అయ్యుంటాయి. "నాన్నా, ఆవిడకి చెప్పేశాను, నాకు చదవడం రాదని" అంది. అలా ఎవరికీ చెప్పలేదది, మొన్న కూడా వాళ్ళమ్మకి అక్షరాలు కదులుతాయనే చెప్పింది. "ఆవిడేమంది?" అన్నాను. "రాకుండా ఐదో క్లాసు దాకా ఎలా వచ్చావో చెప్పమంది. మొత్తం చెప్పాను. పేజీలు ఎలా గుర్తుపెట్టుకుంటానో కూడా. మళ్ళీ చెప్పమంది, తనకైతే అలా చేతకాదంట." అని, క్లాసుకి టైమవుతోందని వెళ్ళిపోయింది, సంచీ సర్దుకుంటూ.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి నాతో మాట్లాడింది. మెల్లగా, తొందర లేకుండా. "మీ అమ్మాయికి చదవడం రాదు, అది నిజం. మీ అమ్మాయిలా ఆలోచించే పిల్లల్ని నేను చాలా తక్కువమందిని చూశాను, అదీ నిజమే. ఇన్నాళ్ళూ ఒకటి రెండోదాన్ని కప్పేసింది. ఆ తెలివే లేకపోతే ఒకటో క్లాసులోనే పట్టుకునేవాళ్ళు. చదవడం వచ్చుంటే ఈపాటికి పై క్లాసు లెక్కలు ఇచ్చేవాళ్ళు." "కిందికి దించుతారా మరి?" అన్నాను. "వద్దనే చెప్తాను. అక్షరాలు మొదటి నుంచి, వేరే పద్ధతిలో, విడిగా నేర్పాలి, టైం పడుతుంది. కానీ అవి వచ్చేదాకా ఆలోచించడం ఆపి కూర్చోమనకూడదు కదా. ఈ క్లాసులోనే ఉండాలి, పాఠం ఎవరైనా చదివి వినిపించాలి, జవాబు నోటితో చెప్పనివ్వాలి, లెక్కలు ఇంకాస్త బరువైనవి ఇవ్వాలి." పెద్ద మేడమ్ కూడా వచ్చి నిలబడింది. అంతా విని, "నాకేం అభ్యంతరం లేదు, కానీ చేయాల్సింది క్లాసు టీచరు. నలభై మంది మధ్య ఆవిడ ఒప్పుకోవాలి" అంది. ఆ టీచరా అనుకున్నాను. పొగరన్న మనిషి. అరవాలనిపించింది. అరవలేదు. ఆవిడతో ఇప్పుడే మాట్లాడతానని ఐదో క్లాసు వైపు నడిచాను, ఏం మాట్లాడాలో తెలియకుండానే.

కిటికీ దాకా వెళ్ళి ఆగిపోయాను. చదివే పీరియడ్. అమ్మాయి అప్పటికే లేచి నిలబడి ఉంది, చేతిలో పుస్తకం తెరిచి లేదు. "చదవమన్నాను" అంటోంది టీచరు, విసుగ్గా. "నాకు చదవడం రాదు టీచర్" అంది మా అమ్మాయి. మామూలు గొంతుతో అంది. "మరి ఇన్నాళ్ళూ చదివిందేమిటి?" "నాన్న చదివితే గుర్తుపెట్టుకున్నాను. మొన్న మిమ్మల్ని వెక్కిరించలేదు. అది పుస్తకంలో ఉందనుకున్నాను." టీచరు దాన్నే చూస్తోంది. నేను బయట ఊపిరి బిగబట్టాను. ఆవిడ మొహంలో కోపం ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే కాసేపు తిరిగింది, తర్వాత పోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని, తన పుస్తకం తీసుకుని, తనే చదవడం మొదలుపెట్టింది. చంద్రుడి పాఠం. చంద్రుడు సూర్యుడికీ మనకీ మధ్య వచ్చిన రోజు అమావాస్య. అలా అడ్డొచ్చినప్పుడే సూర్యగ్రహణం. అక్కడిదాకా చదివింది.

"ఒక డౌటు టీచర్."

ఆవిడ తలెత్తింది. నాకు ఏడుపొచ్చింది, అంత పెద్ద మగాణ్ణి, వరండాలో, చార్టుల మధ్య నిలబడి. "అడుగు" అంది ఆవిడ.

"ప్రతి అమావాస్యకీ చంద్రుడు మధ్యకి వస్తాడు కదా. మరి ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదు?"

టీచరు పుస్తకంలోకి చూసింది, పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. "నాకు తెలీదు" అంది చివరికి. "నువ్వేమనుకుంటున్నావు?"

అమ్మాయి పుస్తకం బల్ల మీద పెట్టి చెయ్యి గాల్లో పెట్టింది. "చంద్రుడి దారి కొంచెం ఒరిగి ఉంటుందేమో టీచర్. కింద రోడ్డు మీద ఒక బస్సు పోతుంటే ఫ్లైఓవర్ మీద ఇంకో బస్సు పోతుంది కదా, పైనుంచి చూస్తే ఎదురుగా వచ్చినట్టే ఉంటుంది, కానీ తగలదు, అడ్డం రాదు. రెండు దారులూ కలిసే చోటు ఒకటుంటుంది, అక్కడికి ఒకేసారి వస్తేనే..."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాయి ఆగలేదు.